తొమ్మిదో టైరు

కొండెలే సంతకు పోయే దారిలో నా పంక్చర్ కొట్టు.
వెనక గోడ వారగా ఇరవై రెండు పాత టైర్లు,
వాటి కడుపుల్లో వాన నీళ్ళు,
ఆ నీళ్ళల్లో మా అక్క కూతురు అమోండి చదువు.

బడి నుంచి రాగానే సంచీ మేకుకు తగిలించి
టీ వడపోతతో దోమపిల్లల్ని దేవుతుంది.
బడి పిల్లల హాజరు తీసుకున్నట్టు లెక్కపెడుతుంది.
రెక్కలు మొలిచేలోపు ఎండ మట్టిలో ఒంపేస్తుంది.
నీలం అట్ట నోటుబుక్కులో గళ్ళు:
ఎండ ఎంత, నీడ ఎంత, బతికినవెన్ని.
ఎవరూ చెయ్యమనలేదు. మార్కులూ లేవు.
ఎందుకే అంటే
తెలీదు కాబట్టి, అంది ఒకసారి.

అన్ని టైర్లలోనూ పిల్లలు తోకలాడిస్తాయి.
తొమ్మిదోదాంట్లో మాత్రం
ఆరు నెలలుగా ఒక్కటీ బతకలేదు.
అది లారీ టైరు, మొంబాసా నుంచి వచ్చింది.
ఆ రబ్బరులోనే ఏదో ఉందని
పదకొండు పేజీలు రాసింది.
నిద్రలో తొమ్మిది, తొమ్మిది అంటోందని మా అక్క బెంగ.

అప్పుడొచ్చింది సరస్సు ఒడ్డున ఉన్న ల్యాబు నుంచి ఉత్తరం.
శనివారం శనివారం రమ్మని డాక్టర్ నఫూలా.
తెల్ల కోటు, మైక్రోస్కోపు, మటాటు చార్జీలు.
పని మాత్రం వాళ్ళది, దోమతెరల మీద.
పేర్ల వరుసలో ఈ పిల్ల పేరు అందరికంటే కింద.

రెండు రాత్రులు ఉగాలి ముద్ద చేతిలోనే చల్లారింది.
"ఎవరో వేసిన ప్రశ్నకి నా కళ్ళు అరువివ్వాలా మామా?"
కాసేపటికి మళ్ళీ తనే,
"నా ప్రశ్నకి నా కళ్ళు సరిపోతాయా?"
నన్నడిగితే నేనేం చెప్పను!
గాలి ఎక్కడ పోతోందో వెతకడం తప్ప
నాకు వేరే చదువు లేదు.

ఆవిణ్ణి చూసొచ్చిన రోజు మొహం చిటపటలాడింది.
"పదకొండు పేజీలూ చదివింది.
రబ్బరు ఊసే ఎత్తలేదు.
'నువ్వు కాక ఆ టైర్ల దగ్గరికి ఇంకెవరు వెళ్తారు?' అంది.
ఎవరూ వెళ్ళరని చెప్పొచ్చాను."

నేనప్పుడు ఒక ట్యూబుని తొట్టిలో ముంచి ఉన్నాను.
సబ్బునీళ్ళు. చిల్లుంటే బుడగ లేస్తుంది.
లేచింది.

రోజూ కొట్టు కట్టేసేటప్పుడు ఆ తొట్టి ఎక్కడ ఒంపుతానో
నా చేతులకి తెలుసు,
నాకే ఆ క్షణందాకా తెలీదు.
వంగితే అందేది ఆ టైరొక్కటే.

ఆ రాత్రి చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు.
పదకొండు పేజీలు మరి.
ఊరుకుని, ఒంపడం మానేస్తే చాలనుకున్నాను.
అప్పుడు తొమ్మిదోదాంట్లోనూ దోమలు పుడతాయి,
పిల్ల ఇంకో పదకొండు పేజీలు రాస్తుంది.
ఆ ఊహకే నా కడుపులో దేవినట్టయింది.

మూడోనాడు చెప్పేశాను.
ఏడుస్తుందనుకున్నాను, పుస్తకం చింపుతుందనుకున్నాను.
తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుని నీళ్ళు వాసన చూసింది.
"పొడి ఎన్ని చెంచాలు?
ఆదివారాలు కూడానా?
నువ్వు జ్వరంతో పడుకున్న వారం ఎవరు ఒంపారు?"
పోలీసులు కూడా నన్నెప్పుడూ అన్ని అడగలేదు.
పన్నెండో పేజీ తిప్పి పైన నా పేరు రాసింది.
ఓగోలా, టైరు పని.

ఉత్తరం ఇంకా అంటు జిగురు డబ్బా కిందే ఉంది.
జవాబు రాసి నాకు చదివి వినిపించింది, ఒకటే వాక్యం:
"డాక్టర్ గారూ, మీ లెక్క తప్పినప్పుడు మీకెవరు చెప్పారు?"
ఆవిడ ఏం రాస్తుందో చూశాక తేలుస్తుందట.

ఈలోగా నా సాయంత్రాలు నా చేతిలో లేవు.
పద్నాలుగోదాంట్లో ఒక చెంచా,
పదిహేడులో రెండు,
తొమ్మిదిలో వట్టి వాన.
తొట్టి పట్టుకుని నిలబడతాను.
మటాటులు హారన్ కొడుతుంటాయి, గిరాకీ పిలుస్తుంటుంది.
తను వేలు చూపించేదాకా
ఒక్క చుక్క ఒంపను.